ఇన్నయ్య తాత నలభై పీటలు

దేవుడు నోవాకి ఓడ కట్టమని చెప్పే ముందు చల్లపల్లి ఇన్నయ్య కోసం మూడు రోజులు వాకబు చేశాడు. అప్పటికి మా తాత ఇంకా పుట్టకపోవడంతో, వేరే దారి లేక నోవాతో సర్దుకున్నాడు. అందుకే ఆ ఓడ ఒక్క వానకే పనికొచ్చింది. అదే మా తాత కట్టి ఉంటే ఈ రోజుకీ కృష్ణలో ఇసుక తోలుతూ తిరుగుతుండేది.

ఇది మరీ ఎక్కువైందని ఎవరికైనా అనిపిస్తే, చల్లపల్లి చుట్టుపక్కల ఏ చర్చికైనా వెళ్ళి బెంచీ మీద కూచుని చూడండి. అది కిర్రుమనదు. కిర్రుమంటే తప్పు బెంచీది కాదు, మీరు మధ్యాహ్నం తిన్నదానిది.

కానీ బెంచీల కాలం పోయింది. ఫాదర్లు మారారు, స్టీలు కుర్చీలొచ్చాయి. డెబ్బై నాలుగేళ్ళ ఇన్నయ్య తాతకి చివరికి మిగిలింది ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు. అందులో వాళ్ళ నాన్న నాటి బాడిస, నాలుగు ఉలులు, ఒక చిత్రిక, మూలన కాసిని నిద్రగన్నేరు చెక్కలు. రోజూ ఆరింటికి కాఫీ తాగి, సిలువ గుర్తు వేసుకుని, మొలతాడుకున్న తాళంచెవి విప్పి షెడ్డు తెరుస్తాడు. పన్నెండుకి అన్నానికొస్తాడు. మళ్ళీ వెళ్తాడు. లోపల పని ఉందా లేదా అన్నది వేరే సంగతి. పొద్దున లేచిన మనిషికి వెళ్ళడానికి ఒక చోటు ఉంది, అంతే.

ఆ చోటుకే ఎసరొచ్చింది. కొడుకు నతానియేలు ఆ షెడ్డులో మంచినీళ్ళ ప్లాంటు పెట్టుకుంటానని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. అతని మాటలోనూ తప్పు లేదు. బోరు పక్కనే ఉంది, ఎదురుగా రోడ్డుంది, పైగా రంపపు పొట్టు పీల్చీ పీల్చీ తాతకి దగ్గు పట్టుకుంది.

"పని లేని షెడ్డుకి తాళమెందుకు నాన్నా?" అన్నాడు ఒక రోజు.

"పని లేదని నీకెవడు చెప్పాడ్రా? నలభై గుంటల పీటలు చేస్తున్నా."

గుంటల పీటంటే వామనగుంటలు ఆడుకునే చెక్క. పుస్తకంలా మడుస్తారు. తెరిస్తే ఇటు ఏడు గుంటలు, అటు ఏడు గుంటలు. చింతపిక్కలు వేసి ఆడతారు. ఒకప్పుడు కలిగినవాళ్ళు కూతుళ్ళకిచ్చే సారెలో పెట్టేవాళ్ళు. కుర్రతనంలో తాత అలాంటివి వందల్లో చేశాడు. ఇప్పుడు మాత్రం నలభై అన్న అంకె కోపంలో నోటికొచ్చింది.

"చేస్తావు సరే. ఎవరు కొంటారు?"

"నలభై అమ్మి చూపిస్తా. ఒక్కటి తక్కువైనా తాళంచెవి తెచ్చి నీ చేతిలో పెడతా."

"అమ్మితే ఇంకెప్పుడూ షెడ్డు ఊసెత్తను. సరేనా?"

"ఇన్నయ్య మాటంటే మాట," అన్నాడు తాత. ఆయన్ని ఎవరైనా పట్టుకోవాలంటే ఆ మాట దగ్గరే పట్టుకోవాలి.

నాలుగు నెలలు పట్టింది. నలభై పీటలు ఒకదాన్ని మించి ఒకటి తయారయ్యాయి. మేకు కనపడని కీళ్ళు, అద్దంలా నునుపెక్కిన గుంటలు. వాటిని అమ్మే చోటు మనవరాలు డయానా కనిపెట్టింది. ఇంటర్ రెండుసార్లు తప్పి, బెంజ్ సర్కిల్లో సెల్‌ఫోన్ల షాపులో పనికి కుదిరిన పిల్ల. ఆ సర్కిల్ దగ్గరే ఒక ఫంక్షన్ హాల్లో శని, ఆదివారాలు బోర్డు గేముల మేళా జరుగుతుందని, ఆటలు తయారుచేసేవాళ్ళకి స్టాళ్ళిస్తారని తెలిసి, ఫోన్లోనే ఫారం నింపేసింది. 'అనుభవం' అన్నచోట యాభై ఏళ్ళని రాసింది. అది నిజం. 'వచ్చినవాళ్ళకి ఆట నేర్పగలరా' అన్నచోట 'దేశంలో ఈయనంత బాగా నేర్పేవాడు లేడు' అని రాసింది. అది తాతని అడక్కుండా రాసింది.

శుక్రవారం సాయంత్రం పీటలు గోనెసంచుల్లో సర్దుతుంటే మామ్మ తెరేసమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఎలా ఆడాలని అడిగితే ఏం చెప్తారండీ?"

"కుర్చీ అమ్మేవాడు ఎలా కూచోవాలో చెప్తాడా?"

"కూచోడం అందరికీ వచ్చు."

"నువ్వూరుకో తెరేసా. సరుకు మంచిదైతే అదే పోతుంది."

అసలు విషయమేమిటంటే, యాభై ఏళ్ళుగా గుంటల పీటలు చేస్తున్న మా తాతకి వామనగుంటలు ఆడటం రాదు. ఒక్కసారైనా ఆ గుంటలో చింతపిక్క వేసి ఎరగడు. మా వీధిలో అది ఆడవాళ్ళ ఆట. మగవాళ్ళు అటు చూడరు. మధ్యాహ్నాలు మామ్మా, పక్కింటి అమలమ్మా అరుగు మీద ఆడుకుంటుంటే, "పనిలేని యవ్వారం" అంటూ వాళ్ళని దాటుకుని షెడ్డుకి పోయేవాడు. గుంటలు ఎన్నుండాలో, ఎంత లోతుండాలో చేయించుకునేవాళ్ళు చెప్పేవాళ్ళు. అంతకుమించి తెలుసుకోవలసిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

ఆ అవసరం శనివారం పొద్దున వచ్చింది.

హాలంతా ఏసీ. తెల్లగుడ్డ పరిచిన బల్లలు. నల్ల బనియన్లేసుకున్న కుర్రాళ్ళు, జుట్టుకి రంగులేసుకున్న అమ్మాయిలు అట్టముక్కల మీద రాజ్యాలు గెలుస్తూ, ఓడుతూ, పెళ్ళివారి కంటే ఎక్కువ గోల చేస్తున్నారు. తాత పక్క స్టాలు గన్నవరం కుర్రాడు రాఘవది. ఇరవై ముఖాల పాచికలు, బొటనవేలంత రాక్షసుల బొమ్మలు అమ్ముతున్నాడు. అతను తాత చేసిన పీటొకటి చేతిలోకి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు.

"ఏం పనితనమండీ తాతగారూ! మధ్యాహ్నానికి మీ బల్ల ఖాళీ."

ఆ మాటతో తాత ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పది నిమిషాల్లో ఒక జంట వచ్చారు. అమ్మాయి పీట తెరిచి, "అబ్బ, ఎంత బాగుందో! ఎలా ఆడాలండీ?" అంది.

"నిద్రగన్నేరమ్మా. చేవ చెక్క. కీలు చూడండి, మేకు కనపడదు."

"చాలా బాగుందండీ. ఆట ఎలా ఆడాలి?"

"గుంటలో వేలు పెట్టి చూడమ్మా. ఎక్కడన్నా గరుకు తగిల్తే చెప్పు."

"తగల్లేదండీ. కానీ ఎవరు గెలిచినట్టు?"

తాత బల్ల మీది చింతపిక్కల వైపు చూశాడు. "ఎవరి గుంటలు ముందు నిండితే వాళ్ళు," అన్నాడు. వాళ్ళిద్దరూ గుప్పెళ్ళతో చింతపిక్కలు పోసి అర నిమిషంలో గుంటలు నింపేసి, "అంతేనా?" అన్నారు. పీట మడిచి బల్ల మీద పెట్టి, "థాంక్సండీ" అని వెళ్ళిపోయారు.

తర్వాత వచ్చినవాళ్ళకి, ఎవరివి ముందు ఖాళీ అయితే వాళ్ళు గెలిచినట్టని చెప్పాడు. వాళ్ళు పీటని బోర్లించి నవ్వారు. ఆ తర్వాత వచ్చిన కాలేజీ కుర్రాళ్ళకి, రెండు బారల దూరం నుంచి విసరాలన్నాడు. వాళ్ళు నిజంగానే విసిరారు. ఒక పిక్క పోయి రాఘవ బొమ్మలకి వేసే రంగుడబ్బాలో పడింది.

ఒంటిగంటకి ఈ మూడు గుంపులూ కాఫీ కౌంటరు దగ్గర కలుసుకుని, లెక్క తేలక, కలిసికట్టుగా తాత దగ్గరికొచ్చాయి.

"తాతా, మా ముగ్గురిలో ఎవరిది కరెక్టు?"

"ముగ్గురిదీనూ. ఊరికో రకంగా ఆడతారు."

ఒకమ్మాయి ఫోన్ తీసి చూసి, "ఇందులో ఇంకోలా ఉందండీ," అంది. ఎగతాళిగా అనలేదు, పాపం. మెల్లగా అంది. అదే తాతకి ఎక్కువ గుచ్చుకుంది.

మేళా నడుపుతున్న వేదశ్రీ అనే అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. "ఇన్నయ్య గారూ, మీరు బాగా నేర్పుతారని రాశారు కదండీ, అది చూసే స్టాలిచ్చాం. వచ్చినవాళ్ళకి ఏం అర్థం కావట్లేదంటున్నారు. కాస్త చూడండి, ప్లీజ్."

"నేనేం రాశానమ్మా?"

ఆ అమ్మాయి చదివి వినిపించింది. యాభై ఏళ్ళలో తాత తన చేతిపని గురించి తప్పు మాట చెప్పి ఎరగడు. ఇప్పుడు పొద్దుట్నుంచీ చెప్పినవన్నీ తప్పు మాటలే.

డయానా షాపులో అన్నం వేళకి బయటపడి, పెరుగన్నం డబ్బాతో వచ్చేసరికి, తాత బల్ల వెనక గోడ వైపు తిరిగి కూచునున్నాడు.

"ఎన్ని పోయాయి తాతా?"

"రెండు. ఒకావిడ దుద్దులు పెట్టుకోడానికి కొంది. ఇంకొకాయన కొనలేదు, నా మొహం చూసి ధర్మం చేశాడు."

"మామ్మకి ఫోన్ చెయ్యి తాతా. మామ్మకొచ్చు కదా."

"నిన్నెవరు రాయమన్నారే ఆ ఫారంలో? దేశంలో నా అంతటోడు లేడనా?"

"బడాయి చెప్తేగానీ స్టాలివ్వరు తాతా."

"ఇప్పుడు ఆ బడాయి నేను తినాలి. నువ్వు పో, నీ షాపుకి పో." డబ్బా మూత కూడా తియ్యలేదు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన బల్లమీది పీటలు సర్దుతూనే ఉన్నాడు. నలభైలో రెండు పోగా ముప్ఫైఎనిమిది. జనం వస్తున్నారు, నిమురుతున్నారు, పెట్టేసి పోతున్నారు. సోమవారం పొద్దున ఆరింటి గురించి ఆలోచన రాకుండా చూసుకుంటున్నాడు గానీ అది వస్తూనే ఉంది. కాఫీ తాగాక ఎక్కడికి వెళ్ళాలి? అరుగు మీద కూచుంటే వచ్చేపోయేవాళ్ళు ఒంట్లో బాగోలేదా అని అడుగుతారు. బజారుకి పోతే పనేంటని అడుగుతారు. చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలి? కొడుకు ఫోన్ చేసి ఎలా ఉందంటే, "బ్రహ్మాండంగా పోతున్నాయి" అన్నాడు. అదీ తప్పు మాటే.

ఆరింటికి హాలు మెట్ల మీదికొచ్చి నిలబడ్డాడు. ఫ్లైఓవరు మీద బండ్ల హోరు. ఫోన్ తీశాడు, జేబులో పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"తెరేసా."

"భోంచేశారా?"

"ఊఁ. అదీ... గుంటకి ఎన్ని పిక్కలు వెయ్యాలి?"

అవతల కోడలో, అమలమ్మో పక్కనుంటే మామ్మ ఆ నిమిషాన పగలబడి నవ్వేది. ఒక్కతే ఉన్నట్టుంది, నవ్వలేదు.

"ఐదు," అంది.

"వేసి?"

"వేసి ఏముంది, ఒక గుంటలోవి తీసి వరసగా పంచుకుంటూ పోవాలి. ఫోన్లో చెప్పేది కాదండీ అది. ఎన్నమ్మారు?"

"రెండు."

"చర్చిలో మొదటి పూజకెళ్ళి, అట్నుంచటే బస్సెక్కుతా," అంది మామ్మ.

ఆదివారం పదింబావుకి తెరేసమ్మ గుడికి కట్టుకున్న చీరతోనే హాల్లోకొచ్చింది. చేతిలో జపమాల సంచి, మోకాలికి పట్టీ. తాత వైపు ఓసారి చూసి, తాను పొద్దుటే వేసిన కొంగుముడి విప్పింది. అందులో చింతపిక్కలున్నాయి. "మీ సంచిలోవి పుచ్చులు," అని, బల్ల ముందు కుర్చీలో కూచుని, దారిన పోయే ఒక బనియను కుర్రాణ్ణి పిలిచింది.

"ఇలా రా నాన్నా. కూచో. గుంటకి ఐదు. నీ వైపు ఏదైనా ఒక గుంటలోవన్నీ తియ్యి. వరసగా ఒక్కొక్కటే వేసుకుంటూ పో. చెయ్యి ఖాళీ అయిందా? పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచు. పక్కది ఖాళీగా ఉంటే దాని అవతల గుంటలో ఉన్నవన్నీ నీవి. అక్కడికి నీ వంతు అయిపోయింది. చివరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళది గెలుపు. తెలిసిందా?"

తెలిసింది. చుట్టూ ఉన్న నలుగురికీ తెలిసింది. వెనక నిలబడ్డ తాతకీ తెలిసింది. ఇంత చిన్న విషయమా అని ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

ఆ కుర్రాడు పది నిమిషాల్లో ఓడిపోయాడు. తర్వాతి అమ్మాయి ఏడు నిమిషాల్లో. మామ్మ వేళ్ళు గుంటలో దిగి పైకి రావడం కనపడేది కాదు. పిక్కల చప్పుడొక్కటే వినపడేది. జనం మూగారు. ఫోన్లెత్తి వీడియోలు తీశారు. పన్నెండయ్యేసరికి ఆ హాల్లో అన్నిటికంటే పెద్ద గుంపు తాత స్టాలు దగ్గరే ఉంది.

పీటలు మాత్రం కదల్లేదు. పొద్దుట్నుంచీ మూడే పోయాయి. మిగిలినవి ముప్ఫైఐదు. ఆరింటికి మేళా కట్టేస్తారు.

తాత రాఘవని పక్కకి పిలిచాడు. "ఏంటబ్బాయ్ ఇది? ఇంతమంది చూస్తున్నారు, ఒక్కడూ కొనడేం?"

"ఎలా కొంటారు తాతగారూ? మామ్మగారు ఒక్కొక్కణ్ణీ పిండి చేసి పంపిస్తున్నారు. ఓడినవాడు తల దించుకుని పోతాడు. గెలిస్తేనే కదా ఇంటికి పట్టుకెళ్ళి పెళ్ళాన్ని ఓడించాలనిపించేది. మా బొమ్మల దగ్గర మేం మొదటి ఆట ఎప్పుడూ ఓడిపోతాం."

తాత వెళ్ళి మామ్మ చెవిలో, "కాస్త ఓడవే" అన్నాడు.

"ఎందుకు ఓడాలి?"

"ఓడితే కొంటారంట."

"నాకు తెలిసి తెలిసి ఓడడం రాదండీ. అమలమ్మ కూతురు పురుటికొచ్చినప్పుడు కూడా వదల్లేదు దాన్ని."

"షెడ్డు పోతుందే!"

మామ్మ తలెత్తి చూసింది. ఎదురుగా ఉన్న పిల్లతో ప్రయత్నించింది కూడా. కావాలని తప్పు గుంటలో చెయ్యి పెట్టబోయింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది, దానంతటదే పోయి సరైన గుంటలో దిగింది. పిల్ల ఓడిపోయింది. మామ్మ నిస్సహాయంగా చేతులు చూసుకుని కుర్చీలోంచి లేచింది.

"మీరు కూచోండి," అంది.

"నేనా? అందరి ముందా?"

"మీకు ఓడడానికి ప్రయత్నం అక్కర్లేదు కదా."

టైము ఒంటిగంటన్నర. తాత కుర్చీ వైపు చూశాడు. మీసం దువ్వుకున్నాడు. చల్లపల్లి వాళ్ళెవరైనా ఉన్నారేమోనని గుంపంతా కళ్ళతో ఒకసారి గాలించాడు. తర్వాత కూచున్నాడు.

మొదట ఎదురుగా కూచున్నది తొమ్మిదేళ్ళ పిల్ల. తాత ఓడాలని కూచోలేదు, అదీ ఆయన గొప్ప. గెలవాలనే కూచున్నాడు. కనుబొమలు ముడిచి, పెదవి కొరికి, ఎక్కడ కుప్ప పెద్దగా ఉంటే అక్కడ చెయ్యి పెట్టేవాడు. గుంట లోతు వేలితో తడిమి వెంట్రుకవాసి తేడా చెప్పగల మనిషి, అందులో ఎన్ని పిక్కలున్నాయో మాత్రం లెక్కపెట్టలేకపోయాడు. ఐదు నిమిషాల్లో పిల్ల ఆయన వైపంతా ఊడ్చేసింది.

"నాన్నా! పీట చేసిన తాతని ఓడించా!" అని పిల్ల ఎగిరింది. వాళ్ళ నాన్న రెండు పీటలు కొన్నాడు.

వేదశ్రీ అక్కడే ఉంది. అట్టముక్క మీద 'చేసినవారినే ఓడించండి' అని పెద్దక్షరాలతో రాసి బల్లకి తగిలించింది. ఇక చూడాలి. వరస కట్టారు. కుర్రాళ్ళు ఓడించారు, వాళ్ళ తల్లులు ఓడించారు, కళ్ళజోడు మర్చిపోయి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు ఓడించాడు. ఓడిన ప్రతిసారీ తాత, "ఇంకొక్కటి వేద్దాం, ఇప్పుడు తెలిసింది నాకు" అనేవాడు. ఏమీ తెలిసేది కాదు. జనం నవ్వేవాళ్ళు. చెవులు ఎర్రబడేవి. ఒక కుర్రాడు, "తాతా, నువ్వు నిజంగా చేశావా, కొనుక్కొచ్చావా?" అన్నాడు. తాత దవడ బిగిసింది. లేచి పోతాడేమోననుకున్నాడు రాఘవ. తాత చెయ్యి మొలతాడు మీదికి పోయి, తాళంచెవి తడిమి, మళ్ళీ పిక్కల మీదికొచ్చింది.

"నువ్వు ఆడు బాబూ," అన్నాడు.

నాలుగింటికి ఇరవై ఉన్నాయి. ఐదింటికి ఎనిమిది. గుంపు పలచబడుతుంటే తాత గొంతు పెంచి పిలవడం మొదలెట్టాడు. బెంచీకి బేరం కూడా ఆడని మనిషి, "రండమ్మా, నన్ను ఓడించడం సులువు" అని అరిచాడు. మామ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. ఐదు నలభైకి బల్ల మీద ఒక్క మడిచిన పీటా లేదు. పొద్దుట్నుంచీ ఆడుతున్న పీటొక్కటే తెరిచి ఉంది. అది నలభయ్యోది.

అప్పుడే భుజాన సంచితో ఒక పెద్దమనిషి హడావుడిగా వచ్చాడు. గన్నవరంలో ఫ్లైటు అందుకోవాలంట. "అయిపోయాయా? అయ్యో. పోనీ ఆ ఆడుతున్నదైనా ఇచ్చెయ్యండి. మా అమ్మకి చూపించాలి."

"తప్పకుండా బాబూ!" అన్నాడు తాత. "పిక్కలు తియ్యి తెరేసా, తియ్యి."

మామ్మ పిక్కలు తీస్తోంది. గుప్పెడు గుప్పెడు తీసెయ్యొచ్చు. ఒక్కొక్కటే తీస్తోంది.

"తొందరగా తియ్యవే."

"తీస్తున్నా. మీరు చేసిన పీట మీద ఆడడం ఇవాళే మొదలు. ఎంత నునుపుగా ఉందో అని చూస్తున్నా, అంతే."

"మొదలేంటి? మరి ఇన్నేళ్ళూ అరుగు మీద దేంతో ఆడారు?"

"గచ్చు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడేవాళ్ళం. అంతకుముందు మట్టిలో తవ్వుకునేవాళ్ళం. రోజూ దాటుకుంటూ పోయేవాళ్ళుగా, చూళ్ళేదా?"

ఉక్రోషంగా అనలేదు. బజారు నుంచి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది. ఆఖరి పిక్క తీసి, పీట మడిచి, కొంగుతో తుడిచి తాత చేతిలో పెట్టింది. "ఇచ్చెయ్యండి. ఆయనకి ఫ్లైటు పోతుంది."

తాత ఆ పీట పట్టుకుని నిలబడ్డాడు. వందల పీటలు చేశాడు. ఎవరెవరి కూతుళ్ళకో చేశాడు. కళ్ళ ముందు షెడ్డు ఉంది, రేకుల సందులోంచి పడే ఎండ ఉంది, నాన్న బాడిస ఉంది. ఒక్క పీట. పెద్దమనిషి ఫోన్ చాపి, ఎక్కడ స్కాన్ చెయ్యాలని అడుగుతున్నాడు.

"ఇది అమ్మేది కాదండీ," అన్నాడు తాత.

"ఇప్పుడే తప్పకుండా అన్నారు?"

"అప్పటికి నాకు తెలీదు. క్షమించండి."

పెద్దమనిషి విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. రాఘవ నెత్తి కొట్టుకున్నాడు. మామ్మ, "మీకేమన్నా మతిపోయిందా?" అంది. తాత పీట ఆవిడ ఒళ్ళో పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. హాల్లో లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు.

నతానియేలు సరుకు వెనక్కి తీసుకెళ్ళడానికి ట్రాలీ ఆటో తెచ్చాడు. డయానా కూడా షాపు నుంచి పరిగెత్తుకొచ్చింది. ఖాళీ బల్ల చూసి నతానియేలు ముఖం వెలిగిపోయింది. వెలగడం నిజం. ఆటో తెచ్చింది వెనక్కి మొయ్యడానికే అయినా.

"అన్నీ పోయాయా నాన్నా! సాధించావయ్యా!"

"ముప్ఫైతొమ్మిది."

"మరి అమ్మ ఒళ్ళోది?"

"అది మీ అమ్మది."

"అయితే నలభై అయినట్టే. పద, ఆకలేస్తోంది."

"అమ్మింది ముప్ఫైతొమ్మిది. అమ్ముతానంది నలభై."

"ఆ ఒక్కటీ నేను కొంటా తాతగారూ, పీట మామ్మగారి దగ్గరే ఉంచుకోండి," అని రాఘవ జేబులో చెయ్యి పెట్టాడు.

"అది దొంగాట బాబూ."

తాత లేచి, చొక్కా ఎత్తి మొలతాడు ముడి విప్పడం మొదలెట్టాడు. ముడి బిగుసుకుపోయి రాలేదు. డయానా సాయం చెయ్యబోతే విదిలించాడు. చివరికి వచ్చింది. తాళంచెవి కొడుకు అరచేతిలో పెట్టి, ఆ చేతిని తనే మూశాడు.

"నాన్నా, నేనేదో మాటవరసకన్నాను."

"నేను మాటవరసకనలేదు."

నతానియేలు చాలాసేపు గుప్పిట అలాగే ఉంచుకున్నాడు. ఇచ్చేస్తాడేమోననిపించింది. కానీ రెండేళ్ళ ఆశ అతనిది కూడా. తాళంచెవి జేబులో వేసుకుని ఆటో తిప్పడానికి బయటికెళ్ళాడు.

సోమవారం పొద్దున ఆరింటికి తాత కాఫీ తాగాడు. సిలువ గుర్తు వేసుకున్నాడు. దొడ్లోకెళ్ళి, షెడ్డు ముందు నిలబడి, మొలకి చెయ్యి పోనిచ్చాడు. తర్వాత ఎంతసేపు అలా నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. చూసిన మామ్మ చెప్పదు. గురువారానికి షెడ్డులోకి నీలం రంగు ట్యాంకులొచ్చాయి. బాడిస, ఉలులు గోనెగుడ్డలో చుట్టి మంచం కిందికి చేరాయి. ఇప్పుడు తాత ఆరింటికి అరుగు మీద కూచుంటున్నాడు. గిన్నెలు కడుక్కుని మామ్మ పీట తెచ్చుకుంటుంది. పన్నెండు దాకా ఆయన ఓడతాడు.

పోయిన ఆదివారం డయానా ఇదంతా రాసి, అరుగు మీద కూచుని చదివి వినిపించింది. చివర్న, షెడ్డు పోయినా తాత ఇప్పుడు చాలా సంతోషంగా ఉన్నాడని రాసింది. తాత పిక్కలు పంచుతున్నవాడల్లా ఆగాడు.

"సంతోషం అదీ ఇదీ అని రాయకే. షెడ్డు పోయింది, కడుపులో మండుతూనే ఉంది. పీట మీ మామ్మకిచ్చినందుకు మాత్రం మంట లేదు. రెండూ రాయి. ఒకటి రాసి ఒకటి కొట్టేశావంటే నీకు ఇంటర్ ఈసారీ తప్పుతుంది."